జీకే బిట్ల పక్కన సంవత్సరమూ కారణమూ కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

పోటీ పరీక్షల అభ్యర్థుల కోసం మీ పత్రిక వారంవారం ప్రచురిస్తున్న జనరల్ నాలెడ్జ్ పేజీని నేను చాలా కాలంగా చదువుతున్నాను. ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన తరువాత, మా ఊరి శాఖా గ్రంథాలయానికి సాయంత్రం పూట వచ్చే గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ అభ్యర్థులకు భూగోళం, పర్యావరణం చెబుతుంటాను కాబట్టి, ఆ పేజీని కత్తిరించి ఫైలులో పెట్టుకునే అలవాటు కూడా ఉంది. జంతువులు, జలాశయాలు, తీరాలు, దేశాలు, జనాభా వంటి అంశాలపై అందులో వచ్చే జవాబులు తప్పులని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. వాటిలో చాలా వరకు ఏదో ఒక సంవత్సరంలో సరైనవే. అయితే ఆ సంవత్సరం ఏదో చెప్పకపోవడం, ఆ సంఖ్య ఎలా వచ్చిందో ఒక్క వాక్యమైనా రాయకపోవడం అనే రెండు లోపాల వల్ల సరైన జవాబు కూడా చదివినవాడిని పక్కదారి పట్టిస్తోంది. కోచింగ్ సెంటర్ల బిట్ బ్యాంకుల్లోనూ ఇదే లోపం ఉన్నా, వాటికంటే మీ పేజీని నమ్మేవారే ఎక్కువ కాబట్టి మీకే విన్నవించుకుంటున్నాను.

ముందుగా సముద్రతీరం సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ రెండు లోపాలూ అక్కడ ఒకేచోట కనిపిస్తాయి. దేశంలో అతి పొడవైన తీరరేఖ గల రాష్ట్రం గుజరాత్, రెండవది ఆంధ్రప్రదేశ్ అని మన పిల్లలు ఏళ్ళ తరబడి బట్టీ పడుతూ వచ్చారు. ఆంధ్ర తీరం పొడవు కొన్ని పుస్తకాల్లో 972 కిలోమీటర్లు, మరికొన్నింటిలో 974 కిలోమీటర్లు. దేశం మొత్తానికి 7,516.6 కిలోమీటర్లు. కేంద్ర హోం శాఖ 2023-24 వార్షిక నివేదికలో ఈ లెక్కలన్నీ మారిపోయాయి. దేశ తీరరేఖ 11,098.81 కిలోమీటర్లయింది. గుజరాత్ 2,340.62 కిలోమీటర్లతో మొదటి స్థానంలోనే ఉండగా, 1,068.69 కిలోమీటర్లతో తమిళనాడు రెండవ స్థానానికి ఎక్కింది, 1,053.07 కిలోమీటర్లతో మనం మూడవ స్థానానికి దిగాం. మీ పేజీలో ఒక వారం పాత జవాబు వచ్చింది, కొంతకాలానికి కొత్త జవాబు వచ్చింది. రెండింటికీ సంబంధం ఏమిటో ఎక్కడా లేదు.

డీఎస్సీకి చదువుతున్న ఒక అమ్మాయి ఆ రెండు కత్తిరింపులనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, "మాస్టారూ, పరీక్షలో ఏది పెట్టమంటారు?" అని అడిగింది. ఆమె పక్కన కూర్చున్న కుర్రాడు వెంటనే, "కొత్తదే పెట్టు, మన తీరం పెరిగిందట కదా" అన్నాడు. నాకు బాధ కలిగించింది ఆ అమ్మాయి సందేహం కాదు, ఆ కుర్రాడి నమ్మకం. కాకినాడ పక్కన ఉప్పాడలో కెరటాలు రోడ్డును కోసేస్తూ, ఇళ్ళను మింగేస్తూ ఉన్న సంగతి మీ పత్రికే ఫొటోలతో సహా ఎన్నోసార్లు ప్రచురించింది. అలాంటి తీరం దాదాపు 80 కిలోమీటర్లు పెరిగిందని ఒక పట్టభద్రుడు నమ్ముతున్నాడంటే, అతని తెలివితేటల్లో లోపమేమీ లేదు. అతనికి సంఖ్య ఒక్కటే అందింది, దాని వెనుక ఉన్న కొలత అందలేదు.

ఆ కొలత సంగతి చెప్పడం అంత కష్టమేమీ కాదు. పాత లెక్కను 1:45,00,000 స్కేలు మీద వేశారు. అంటే పటంలో ఒక సెంటీమీటరు నేల మీద 45 కిలోమీటర్లతో సమానం. కొత్త లెక్కను 1:2,50,000 స్కేలు మీద వేశారు. ఇక్కడ ఒక సెంటీమీటరు రెండున్నర కిలోమీటర్లే. నాలుగు కిలోమీటర్ల వెడల్పున్న ఒక నదీముఖం మొదటి పటంలో మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి గీత దాని మీదుగా నేరుగా వెళ్ళిపోతుంది. రెండవ పటంలో అదే నదీముఖం ఒకటిన్నర సెంటీమీటర్లకు పైగా కనిపిస్తుంది కనుక గీత లోపలికి వంగి, తిరిగి బయటికి వచ్చి ముందుకు సాగుతుంది. కోనసీమలో గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్లు, కోరంగి మడ అడవుల మధ్య ఉప్పునీటి కాలువలు, కాకినాడకు అడ్డుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె, దివిసీమ చివర కృష్ణ చీలికలు, ఇవన్నీ పటం పెద్దదయ్యే కొద్దీ బయటపడే మలుపులు. నేల పెరగలేదు, సముద్రం వెనక్కి తగ్గలేదు. కొలబద్ద చిన్నదైంది, అంతే. సుందర్బన్స్ ఉన్న పశ్చిమ బెంగాల్ తీరం 157.5 కిలోమీటర్ల నుంచి 721 కిలోమీటర్లకు ఒక్కసారిగా పెరగడానికి కూడా అక్కడి లెక్కలేనన్ని ఉప్పునీటి పాయలే కారణం. ఈ వివరం అంతా మీ పేజీలో నాలుగు వరుసలకు మించదు. దాన్ని చదివిన అభ్యర్థి రెండు సంఖ్యలనూ గుర్తుంచుకోగలడు, ఎందుకంటే అప్పుడు అవి ఒకే విషయానికి రెండు కొసలవుతాయి. గ్రంథాలయంలో నేను గోడపటం మీద ఒకసారి, జిల్లా పటం మీద ఒకసారి దారం పరిచి చూపించాను. మీకు దారం అవసరం లేదు, ఆ నాలుగు వరుసలు చాలు.

పులుల లెక్క మరీ మోసకరమైనది. 2001-02 నాటి గణనలో దేశంలో పులుల సంఖ్య 3,642. 2022 నాటి గణనలో సగటు అంచనా 3,682. ఈ రెండు సంఖ్యలనూ పక్కపక్కన చూసిన అభ్యర్థికి ఇరవై ఏళ్ళలో పులుల విషయంలో ఏమీ జరగలేదనిపిస్తుంది. మధ్యలో 2006 నాటి 1,411 కూడా చూస్తే, నాలుగైదేళ్ళలో రెండు వేలకు పైగా పులులు చచ్చిపోయాయని అనిపిస్తుంది. రెండూ నిజం కావు. మొదటి లెక్క పాదముద్రలను బట్టి వేసినది. అటవీ సిబ్బంది బాటల వెంట నడిచి, పులి అడుగు కనిపించిన చోట దాని మీద గాజుపలక పెట్టి అంచులు గీసుకుని, ఆ గీతను కాగితం మీదికి ఎక్కించేవారు. ఆ కాగితాలను చూసి ఇది ఫలానా పులి, అది వేరే పులి అని నిర్ణయించేవారు. ఒకే పులి మెత్తని బురదలో ఒక రకంగానూ, పొడి ఇసుకలో మరో రకంగానూ ముద్ర వేస్తుంది కాబట్టి ఒక జంతువు రెండుగా, మూడుగా లెక్కకెక్కే వీలుంది. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులు ఉండగానే అడవిలో ఒక్కటి కూడా మిగల్లేదని 2004-05లో బయటపడిన తరువాత ఆ పద్ధతి మీద నమ్మకం పోయింది. 2006 నుంచి కెమెరాల పద్ధతి వచ్చింది. బాటకు ఇరువైపులా మోకాలి ఎత్తున కెమెరాలు కడతారు, పులి నడిచి వెళ్ళేటప్పుడు రెండు పక్కల నుంచీ ఫొటోలు పడతాయి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి ఫొటోలను పోల్చి ఒక్కొక్క జంతువునూ విడిగా గుర్తిస్తారు, ఫొటోకు చిక్కని వాటిని గణాంక పద్ధతిలో అంచనా కడతారు.

కాబట్టి 1,411 నుంచి 3,682 వరకు వచ్చిన పెరుగుదలను ఒక దారిలో చూడవచ్చు, అందులో కూడా ప్రతి విడతలో కెమెరాల సంఖ్య, తిరిగిన అడవి విస్తీర్ణం పెరిగాయని గుర్తుపెట్టుకుంటూ. 3,642 మాత్రం వేరే దారి. రెండు వేర్వేరు తక్కెడల్లో తూచిన బరువుల్ని ఒకే వరుసలో వేసి, "పెరిగిందా, తగ్గిందా" అని అడిగే ప్రశ్న మీ పేజీలో వచ్చినప్పుడు నేను పిల్లలకు జవాబు చెప్పకుండా ప్రశ్ననే కొట్టివేయమన్నాను. నల్లమల విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం పేరుతో ఒకటిగా ఉన్న అడవి, రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు ఉత్తరాన తెలంగాణలో అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా వేరయింది. విభజనకు ముందు నాటి విస్తీర్ణాన్ని ఇప్పటి ఆంధ్ర వైపు భాగానికి అంటగట్టే బిట్లు ఈనాటికీ తిరుగుతున్నాయి. పులికి మాత్రం నది అవతల ఏ రాష్ట్రమో తెలియదు, ఈదుకుంటూ అటూ ఇటూ పోతూనే ఉంటుంది.

చీతా విషయం త్వరగా ముగిస్తాను. "భారతదేశంలో చీతా అంతరించిన సంవత్సరం 1952" అన్న బిట్ తప్పు కాకపోయినా, అది ప్రభుత్వం ప్రకటించిన సంవత్సరం. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానంలో అక్కడి రాజు మూడు చీతాలను కాల్చింది 1947లో. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనోకు తెచ్చారు, వాటికి అక్కడే పిల్లలు కూడా పుట్టాయి. ఇవి ఆఫ్రికా ఉపజాతికి చెందినవి. మన దేశంలో ఒకప్పుడు తిరిగిన ఆసియా చీతా ఇప్పుడు ఇరాన్‌లో మాత్రమే, అదీ అతి కొద్దిగా మిగిలి ఉంది. "చీతా ఇండియాలో ఉందా, లేదా?" అన్న ప్రశ్నకు ఈ మాత్రం వివరం లేకుండా అవునన్నా కాదన్నా సగం జవాబే అవుతుంది. గిర్ సింహాల సంఖ్య కూడా అంతే. 2020లో 674, 2025లో 891. సంవత్సరం వేయకుండా ఈ రెండింటినీ ఆప్షన్లుగా ఇస్తే అభ్యర్థి చేయగలిగేదల్లా నాణెం ఎగరేసుకోవడమే.

కలివికోడి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, అది మన నేలది కాబట్టి, మీ పేజీ దానికి ఇప్పటివరకు ఒక్క వరుసే ఇచ్చింది కాబట్టి. "కలివికోడి కనిపించే ప్రాంతం: లంకమల అభయారణ్యం, వైఎస్సార్ కడప జిల్లా." జవాబు సరైనదే. ఈ పక్షిని 1848లో జెర్డన్ అనే బ్రిటిష్ వైద్యుడి సేకరణ ద్వారా శాస్త్రలోకం తెలుసుకుంది. 1900 తరువాత దాని జాడ లేకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన శాస్త్రవేత్త భరత్ భూషణ్ స్థానిక వేటగాళ్ళ సాయంతో సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లి దగ్గర దీన్ని మళ్ళీ కనుగొన్నారు. శాస్త్రవేత్తలు పోయిందనుకున్న ఆ ఎనభై ఆరేళ్ళూ ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్ళు దాన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు. సమాజం గురించి, జంతువు గురించి ఒకేసారి చెప్పే ఇంత మంచి సంగతి మన రాష్ట్రంలో మరొకటి ఉందని నేననుకోను. అయినా బిట్లో దానికి చోటు లేదు.

అంతకంటే ముఖ్యమైనది, అభయారణ్యం అనే మాట చదివిన పిల్లలు దట్టమైన చెట్ల మధ్య బతికే పక్షిని ఊహించుకుంటారు. కలివికోడి అలాంటిది కాదు. అది రాత్రిపూట తిరిగే నేల పక్షి, ఎగరడం కంటే పరుగెత్తడమే ఎక్కువ. దానికి కావలసింది పలచగా ముళ్ళపొదలు, వాటి మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేల. పొదలను నరికి పొలం చేసినా అది ఉండలేదు, పొదలు చిక్కబడిపోయినా ఉండలేదు. చీకట్లో కంటపడని ఈ పక్షి ఉనికిని తెలుసుకోవడానికి పరిశోధకులు పొదల మధ్య జల్లెడ పట్టిన మెత్తని మట్టిని పట్టీల్లా పరిచి, మరునాడు ఉదయం దాని మీద మూడు వేళ్ళ అడుగుల కోసం వెతికేవారు. తెలుగుగంగ కాలువ ఈ పక్షి తిరిగే నేల మీదుగా వెళ్ళబోతే దాని దారి మార్చవలసి వచ్చింది కూడా. ఇదంతా తెలిసినవాడు రేపు కడపలో తహసీల్దారుగానో, అటవీ రేంజ్ అధికారిగానో చేరితే "బీడు భూమి, పనికిరాని పొదలు" అని ఫైలు మీద రాసే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. బిట్ ఒక్కటే తెలిసినవాడు ఆ స్థలంలో మొక్కలు నాటించి ఫొటో దిగుతాడు. ఈ పరీక్షలన్నీ అధికారుల్ని ఎంపిక చేయడానికే కదా పెడుతున్నారు.

రాష్ట్ర చిహ్నాల విషయం చిన్నదే కానీ ప్రతి పరీక్షలోనూ ఎవరో ఒకరు మార్కు పోగొట్టుకుంటారు. ఉమ్మడి రాష్ట్రంలో పాలపిట్ట రాష్ట్ర పక్షి. విభజన తరువాత తెలంగాణ పాలపిట్టను, జింకను, జమ్మిని, తంగేడును తీసుకుంది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను, కృష్ణజింకను, వేపను, మల్లెను ప్రకటించింది. రెండు రాష్ట్రాల్లోనూ అమ్ముడుపోయే మీ పత్రిక "మన రాష్ట్ర పక్షి ఏది?" అని అడిగినప్పుడు ఏ రాష్ట్రమో చెప్పడం కనీస మర్యాద. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమనే నమ్మకాన్ని ఆసరా చేసుకుని కొందరు వాటిని పట్టి, రెక్కలు కట్టి, పంజరాల్లో పెట్టి డబ్బులకు చూపిస్తున్నారనీ, వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరమనీ ఆ జవాబు కిందే ఒక వాక్యం రాస్తే ఇంకా బాగుంటుంది.

కొల్లేరు దగ్గరికి వస్తే సంఖ్యతో పాటు ఎత్తు కూడా చెప్పాలి. కొల్లేరు విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లని ఒకచోట, 901 చదరపు కిలోమీటర్లని మరోచోట కనిపిస్తుంది. మొదటిది ప్లస్ 5 కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును కలిపే గీత వరకు ప్రకటించిన అభయారణ్యం, రెండవది ప్లస్ 10 కాంటూరు వరకు లెక్కించి 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేర్చిన ప్రాంతం. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్ళెంలా ఉన్న పల్లపు భూమి కాబట్టి నీరు ఒక్క అడుగు పెరిగితే చుట్టూ ఎన్నో ఎకరాలు మునుగుతాయి. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు తెచ్చిన నీటిని ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి చేర్చాలి. ఆ కాంటూరు గీత ఎక్కడ ఉండాలన్నది అక్కడి ప్రజలకు పరీక్షలో ప్రశ్న కాదు, చేపల చెరువు ఉంటుందా, పట్టా చెల్లుతుందా అన్న బతుకు సమస్య. 2006లో ప్రభుత్వం చెరువుల గట్లు కొట్టించినప్పుడు సరస్సు కొంత ఊపిరి పీల్చుకున్నమాట నిజం. ఆ గట్ల మీద కూలికి బతికినవారు నష్టపోయినమాట కూడా నిజం. ఇంకా చాలా పుస్తకాల్లో కొల్లేరు కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాల్లో ఉన్నదనే ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు దానిలో చాలా భాగం కొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలోకి వచ్చింది.

జనాభా లెక్కల విషయంలో ఇబ్బంది మరో రకమైనది. 2021లో జరగవలసిన గణన జరగలేదు కాబట్టి మన చేతిలో ఉన్న చివరి లెక్క 2011 నాటిదే. జనం తలలు లెక్కించే పని 2027 ఫిబ్రవరిలో అని ప్రభుత్వం ప్రకటించింది. 2011లో తెలంగాణ లేదు. అప్పటి 67.02 శాతం అక్షరాస్యత ఉమ్మడి రాష్ట్రానిది. దాన్ని ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు జవాబుగా ఇవ్వడం మీ పేజీలో నేను ఒకటికి రెండుసార్లు చూశాను. అలాగే దేశంలో ఎక్కువమంది మాట్లాడే భాషల్లో తెలుగుది మూడవ స్థానమన్నది 2001 నాటి మాట. 2011 లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్ల మంది, మరాఠీ వారు 8.30 కోట్ల మంది, అందువల్ల మనది నాలుగవ స్థానం. మనవాళ్ళు తగ్గలేదు, 7.40 కోట్ల నుంచి పెరిగారు. వాళ్ళు మరింత పెరిగారు. అభిమానం కొద్దీ పాత స్థానాన్నే పట్టుకుని వేలాడటం అభ్యర్థికి మార్కు తెచ్చిపెట్టదు. ప్రపంచంలో అత్యధిక జనాభా గల దేశం భారతదేశమన్న జవాబు కూడా ఐక్యరాజ్యసమితి 2023లో వేసిన అంచనా మీద ఆధారపడినదే కానీ తలలు లెక్కించి చెప్పినది కాదని ఒక మాట వేయాలి.

దేశాల విషయానికొస్తే పాత బిట్ బ్యాంకులు చదివేవారి పాట్లు చెప్పనలవి కావు. ఆఫ్రికాలో అతిపెద్ద దేశం సూడాన్ అని ఇప్పటికీ కొన్ని పుస్తకాల్లో ఉంది. దశాబ్దాల అంతర్యుద్ధం తరువాత, 2011 జనవరిలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దక్షిణ ప్రాంత ప్రజలు దాదాపు 99 శాతం మంది విడిపోవాలని కోరగా, అదే ఏడాది జులై 9న దక్షిణ సూడాన్ ఏర్పడింది. అప్పటి నుంచి అతిపెద్ద దేశం అల్జీరియా. చమురు బావుల్లో ఎక్కువ భాగం దక్షిణాదికి పోయినా దాన్ని సముద్రానికి చేర్చే పైపులైన్లు ఉత్తరాదిలోనే ఉండిపోయాయి కాబట్టి విడిపోయాక కూడా ఆ రెండు దేశాలకు ఒకదానితో ఒకటి తప్పలేదు. రాష్ట్ర విభజనను కళ్ళారా చూసిన మన పిల్లలకు ఈ సంగతి చెబితే వెంటనే అర్థమవుతుంది, మర్చిపోరు కూడా. స్వాజీలాండ్ 2018లో ఎస్వాతినిగా, మాసిడోనియా 2019లో ఉత్తర మాసిడోనియాగా మారాయి. కజకిస్తాన్ రాజధాని ఆస్తానాను 2019లో నూర్-సుల్తాన్ అన్నారు, 2022లో మళ్ళీ ఆస్తానా చేశారు. ఈ ఒక్క విషయంలో మాత్రం పాత పుస్తకం కొని, కొత్తది కొనడం మానేసిన బద్ధకస్తుడికే సరైన జవాబు దక్కింది.

అందరికీ తెలిసిన ఎవరెస్టు ఎత్తు కూడా ఒకటి కాదు. 1954లో మన సర్వే ఆఫ్ ఇండియా 8,848 మీటర్లని తేల్చింది. 2005లో చైనా మంచు కింద ఉన్న రాతి శిఖరాన్ని కొలిచి 8,844.43 అంది, 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి మంచుతో సహా 8,848.86 మీటర్లని ప్రకటించాయి.

ఇదంతా చదివి, పోటీ పరీక్షకు చదివేవారికి కథలెందుకు, మార్కులు కావాలి గాని అని మీ పేజీ నిర్వహించేవారు అనవచ్చు. అభ్యర్థుల్లో చాలామంది నాతోనూ అదే అంటారు. బట్టీ పట్టడాన్ని నేను తక్కువ చేయను. పద్యాలు కంఠస్థం చేసిన తరం వాళ్ళం, జ్ఞాపకశక్తి విలువ మాకు తెలుసు. కానీ ఇప్పటి ప్రశ్నపత్రాల్లో "కింది వాక్యాల్లో ఏవి సరైనవి?", "ప్రకటన, కారణం" తరహా ప్రశ్నలే ఎక్కువ. సంఖ్య మాత్రమే తెలిసినవాడు అక్కడ రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడతాడు. పైగా తప్పు కీ వచ్చినప్పుడు అభ్యంతరం తెలపడానికి సర్వీస్ కమిషన్లు గడువు ఇస్తాయి. ఆ అభ్యంతరంలో "ఫలానా సంవత్సరపు ఫలానా నివేదిక" అని రాయగలిగినవాడి మాటే నిలుస్తుంది. మీ పేజీ కత్తిరింపు మీద సంవత్సరం లేకపోతే దాన్ని జతచేసి ప్రయోజనం లేదు.

స్థలం చాలదన్న ఇబ్బంది కూడా నాకు తెలుసు. ఆ పేజీలో ఒకేసారి యాభై, అరవై బిట్లు వేస్తున్నారు. వాటిని ఇరవైకి తగ్గించినా ఎవరూ నష్టపోరని నా అభిప్రాయం. మారే విషయాలనూ మారని వాటినీ వేరుగా చూసి, మారే ప్రతి జవాబు పక్కన సంవత్సరం, లెక్కించిన సంస్థ పేరు వేయండి. పాత జవాబు మారినప్పుడు ఊరికే కొత్తది ప్రచురించి ఊరుకోకుండా, "గతంలో మేము ఇచ్చిన జవాబు ఇది, ఫలానా కారణంగా ఇప్పుడు ఇది" అని చెప్పండి. పాఠ్యపుస్తకంలో ఒకటి, ప్రభుత్వ నివేదికలో మరొకటి ఉన్న సందర్భాల్లో రెండూ ఇవ్వండి, ఎందుకంటే ఏ పరీక్షలో దేన్ని ప్రామాణికంగా తీసుకుంటారో అభ్యర్థికి ముందుగా తెలియదు. వారానికి ఒక్క అంశాన్నైనా, కలివికోడిలాంటిదో కొల్లేరులాంటిదో తీసుకుని, ఒక కాలమ్ మేరకు వివరంగా రాయించండి. రాయడానికి జిల్లాల్లో సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయులు, అటవీ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు చాలామంది ఉన్నారు, అడిగితే కాదనరు.

తీరరేఖ గురించి ముందుగా ప్రచురిస్తే మంచిది. రాబోయే నోటిఫికేషన్లకు చదువుతున్నవారు ప్రస్తుతం రెండు సంఖ్యల మధ్య నలుగుతున్నది దాని విషయంలోనే.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
నంద్యాల జిల్లా.